వెంట్రుకవాసి

గెలిచేవాళ్ళకు చుట్టాలు ఎక్కువ. ఓడేవాళ్ళకు ఉన్న చుట్టాలు కూడా ముఖం చాటేసి పక్క సందులోంచి పోతారు. ఈ సంగతి ఆ వీధిలో సెలూన్ ఆయనకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఆయన షాపులో గోడకు టీవీ ఉంది. టెన్నిస్ వచ్చే రోజుల్లో ఒకప్పుడు జుట్టు కత్తిరించుకునే పని లేనివాళ్ళు కూడా వచ్చి బెంచీ నింపేవాళ్ళు. బట్టతలవాళ్ళు సైతం వచ్చి, నున్నటి తల నిమురుకుంటూ, తమ వంతు ఎప్పుడని అడిగేవాళ్ళు. ఇప్పుడా బెంచీ మీద ఇద్దరే మిగిలారు. ఇద్దరూ ఆడవాళ్ళే, ఇద్దరికీ ఆయన కత్తెరతో పని లేదు. ఒకావిడ పైవాటాలో అద్దెకుండే అత్తగారు, రెండో ఆమె ఆవిడ కోడలు.

ముగ్గురూ వెనకేసుకొచ్చే ఆటగత్తెకు నలభై దగ్గరపడుతున్నాయి. ఎడంచేతి వాటం మనిషి. ఒకప్పుడు పెద్ద పెద్ద కప్పులు గెలిచింది. సెలూన్ ఆయన ఆమెను మొదటినుంచీ వదిన అనే అంటాడు. ఎవరికి వదిన అని అడిగితే, పద్ధతైన ఆడమనిషి ఎవరైనా వదినే అంటాడు. అత్తగారిని ఆయన పెద్దమ్మా అని పిలుస్తాడు కాబట్టి, ఆ వరసన వదిన పెద్దమ్మకు కోడలైంది. నిజానికి అత్తగారికి ఉన్నది ఒక్కడే కొడుకు. అతను లారీ తోలుతూ ఇంట్లోకన్నా రోడ్డు మీదే ఎక్కువ ఉంటాడు. అయినా ఆవిడ లేని పెద్దకొడుకును ఊహించుకుని, వాడికి పెళ్ళి కూడా చేసేసి, ఆటగత్తెను పెద్దకోడలు చేసుకుంది. దాంతో అసలు కోడలు కాస్తా చిన్నకోడలైపోయింది. టీవీలో ఉండే తోడికోడలు ఒకతె ఆమె మెడకు చుట్టుకుంది.

ఆ అభిమానం పుట్టిన రోజు కోడలికి బాగా గుర్తు. అప్పుడు ఆమె కొత్తగా కాపురానికొచ్చింది. అత్తగారి కళ్ళు ఇంకా బాగున్నాయి. ఆ రోజు ఎడంచేతి పిల్ల ఏదో పెద్ద ఫైనల్లో ఓడిపోయింది. రాకెట్టు విసిరికొట్టలేదు, ఏడవలేదు. తువ్వాలు మడతపెట్టి, నీళ్ళ సీసాలు ఏరి ఒక పక్కన పెట్టి, కూర్చున్న బెంచీని అరచేత్తో తుడిచి, అప్పుడు వెళ్ళింది. అత్తగారు నోరు తెరుచుకుని చూసింది.

"చూశావా? అంత దుఃఖంలోనూ తన ఎంగిలి తనే సర్దుకుంది. కోడలంటే అదీ" అంది, ఇటు తిరిగి.

అంతే. ఆ తర్వాత ఇంట్లో గ్లాసు పగిలినా, పాలు పొంగినా, పోలిక పెద్దకోడలితోనే. అత్త చేతిలో పగిలింది అడుగోటి కుండ, కోడలి చేతిలో పగిలింది కొత్తకుండ అనే సామెత ఊరికే పుట్టలేదు. ఉప్పు దగ్గరా, బట్టలారేసే తాడు దగ్గరా, కొడుకు ఫోన్ చేసినప్పుడు ముందు ఎవరు మాట్లాడాలనే దగ్గరా ఇద్దరికీ పడేది కాదు. సెలూన్ బెంచీ మీద మాత్రం సంధి. అక్కడ ఇద్దరి గుండెలూ ఒకే బంతి వెంట అటూ ఇటూ తిరిగేవి.

కొన్నాళ్ళకు అత్తగారి కంటి నరాలు ఎండిపోతూ వచ్చాయి. ఆపరేషన్‌తో తిరిగొచ్చే చూపు కాదని డాక్టరు చెప్పేశాడు. వెలుగూ చీకటీ తెలుస్తాయి, ఎదురుగా మనిషి నిలబడితే నీడలా తెలుస్తుంది, అంతవరకే. నడిచేటప్పుడు కోడలి మోచెయ్యి పట్టుకుంటుంది. కోడలు "మెట్టు" అంటే కాలెత్తుతుంది, "గుంట" అంటే దాటుతుంది. ఆగడం, కాలితో తడిమి చూసుకోవడం ఏమీ ఉండదు. అదే మనిషి కూరలో ఉప్పు సరిపోయిందని కోడలు చెబితే నమ్మదు, స్వయంగా నాలిక మీద వేసుకుని చూడాల్సిందే. మా అత్తయ్య నాకు కాళ్ళు అప్పగించింది గానీ నాలిక అప్పగించలేదని కోడలు సెలూన్ ఆయనతో చెప్పి నవ్వేది.

చూపు విషయంలో కోడలిని నమ్మడానికి కారణం లేకపోలేదు. ఆమె గాజుసీసాల ఫ్యాక్టరీలో తనిఖీ పని చేస్తుంది. వెనక తెల్లటి దీపాలు వెలిగే పలక, దాని ముందు ఒకదాని వెంట ఒకటి సాగిపోయే సీసాలు. మెడ దగ్గర నెర్రె ఉన్నది, అడుగున గాలిబుడగ ఉన్నది, మూతి వంకరపోయినది కనబడగానే చటుక్కున తీసి పక్క డబ్బాలో పడేయాలి. మిగతావాళ్ళు కళ్ళు లాగేస్తున్నాయని మధ్యమధ్య లేచిపోతారు. ఈమె కూర్చుంటే చెడ్డ సీసా ఒక్కటి కూడా దాటిపోదు. అక్కడ అందరూ ఆమెను డేగకన్ను అనే పిలుస్తారు. పొట్టిగా, నల్లగా, ఎక్కడికెళ్ళినా గోడవారగా నిలబడే ఆమెను ఎవరైనా మెచ్చుకున్నారంటే అది ఆ కళ్ళ గురించే. ఆ పేరు విన్నప్పుడల్లా లోపల కొంచెం గర్వంగానే ఉండేది.

సెలూన్ టీవీకి గొంతు పోయి చాలా కాలమైంది. బొమ్మ వస్తోంది కదా, ఇంక మాటలెందుకని ఆయన బాగుచేయించలేదు. అందువల్ల అత్తగారికి ఆట మొత్తం కోడలి నోట్లోంచే వచ్చేది. బంతి ఎక్కడ పడింది, ఎంత ఎత్తు లేచింది, పెద్దకోడలు ఎటు పరిగెత్తింది, అన్నీ చెప్పాలి. గెలిచే రోజుల్లో చెప్పడం ఎంత సుఖం. నోరు నొప్పి పుట్టినా తెలిసేది కాదు.

తర్వాత ఓటములు మొదలయ్యాయి. మొదట పెద్దవాళ్ళ చేతిలో, తర్వాత సమానుల చేతిలో, ఆ తర్వాత ఎవరికీ పేరు తెలియని పిల్లల చేతిలో ఆమె ఓడిపోసాగింది. మోకాలికి కట్టు వచ్చింది. ఒకప్పుడు గీత మీద ముగ్గు గీసినట్టు పడే సర్వీసు ఇప్పుడు నెట్‌లోకీ, లేకపోతే కోర్టు అవతలికీ పోయేది. బెంచీ మీద జనం పలచబడ్డారు. కొందరు పని ఉందన్నారు, కొందరు ఫుట్‌బాల్ బాగుంటుందన్నారు. ఓడేవాళ్ళ దగ్గరికి వెళితే ఓటమి అంటుకుంటుందేమో మరి.

అటువంటి ఒక సాయంత్రం పెద్దకోడలి సర్వీసు గీతకు బారెడు దూరంలో పడింది. కోడలు నోరు తెరిచి నిజం చెప్పబోయి అత్తగారి వైపు చూసింది. ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, చూపు లేని కళ్ళు టీవీ వైపు తిప్పి, చంటిపిల్ల గోరుముద్ద కోసం చూసినట్టు మాట కోసం ఎదురుచూస్తోంది.

"వెంట్రుకవాసిలో పోయింది అత్తయ్యా" అంది కోడలు.

గడ్డం గీస్తున్న సెలూన్ ఆయన కత్తి ఆగింది. అద్దంలోంచి ఒకసారి ఆమెను చూశాడు. "అవును పెద్దమ్మా, వెంట్రుకవాసి" అన్నాడు. అత్తగారు నాలుక చప్పరించి, పోనీలే, ఆట ఉంది, అదృష్టమే లేదు అంది.

అక్కడితో మొదలైంది. ఆ తర్వాత ప్రతి ఓటమీ వెంట్రుకవాసే. మూరెడు దూరం పోయినా వెంట్రుకవాసే. కాళ్ళు కదలక, ఎదురుగా వచ్చిన బంతిని చూస్తూ నిలబడిపోయినా, గాలికి బంతి పక్కకు జరిగిందని చెప్పేది. ఆ రెండేళ్ళలో టీవీలో రాలినన్ని వెంట్రుకలు ఆ సెలూన్ నేల మీద కూడా రాలి ఉండవు. అబద్ధమాడుతున్నానని కోడలు అనుకోలేదు. ముసలావిడకు కాస్త ఊరట అనుకుంది. నిజానికి తనకూ అది ఊరటే. పైకి చెప్పీ చెప్పీ, ఒక్కోసారి ఆమెకు టీవీలో బంతి కూడా వెంట్రుకవాసిలోనే పోయినట్టు కనిపించేది.

ఈ మాటలు నమ్మి అత్తగారు ఊరందరితో పోట్లాడేది. ఒక రోజు కుర్చీలో కూర్చున్న మనిషి, ఆ ఆటగత్తె ఇంక ఇంట్లో కూర్చుంటే మర్యాద దక్కుతుంది అన్నాడు. అత్తగారు బెంచీ మీంచి లేచి నిలబడింది. ఆట బంగారంలా ఉందనీ, వెంట్రుకవాసిలో పోయే పాయింట్లు రేపు వెంట్రుకవాసిలోనే లోపల పడతాయనీ, కళ్ళుండీ చూడలేనివాళ్ళకు ఏం చెప్పినా దండగనీ కడిగిపారేసింది. సెలూన్ ఆయన ఆ మనిషికి ఒక చెంప మాత్రమే గీసి, అన్నమాట వెనక్కి తీసుకునేదాకా రెండో చెంప ముట్టుకోలేదు. కోడలు గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చుంది.

ఆ ఊరి క్లబ్బులో ఎర్రమట్టి కోర్టులు ఉన్నాయి. ఏటా అక్కడ ఒక చిన్న పోటీ పెడతారు. పేరున్నవాళ్ళెవరూ రారు. పైకి ఎక్కుతున్న పిల్లలూ, కిందకి దిగుతున్న పెద్దలూ నడిమెట్ల మీద ఎదురుపడే చోటది. ఆ ఏడు గోడ మీద అంటించిన కాగితంలో పెద్దకోడలి పేరు కనిపించింది. సెలూన్ ఆయన చేతిలో దువ్వెనతోనే పరిగెత్తుకొచ్చి చెప్పాడు. ముగ్గురూ గట్టిగా నవ్వుకున్నారు. నవ్వు ముగిశాక సెలూన్ ఆయన దువ్వెన జేబులో పెట్టుకున్నాడు. వెలిగిపోతున్నన్నాళ్ళూ ఈ ఊరొకటి ఉందని కూడా ఆమెకు తెలిసి ఉండదు. ఇప్పుడు ఇంకెక్కడా చోటు లేక వస్తోంది.

మర్నాడు పేపర్లో ఆమె మాటలు వచ్చాయి. ఇక్కడ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేకపోతే రాకెట్టు పక్కన పెట్టేస్తానంది. సెలూన్ ఆయన ఆ ముక్క చదివి వినిపించాడు. ఒక్కటి గెలవదా, వెంట్రుకవాసి కలిసొస్తే చాలదా అంది అత్తగారు. ఆవిడ గొంతులో ధీమా విని కోడలు పేపరు అందుకుని మడిచి పక్కన పెట్టింది.

పోటీకి గీతల దగ్గర నిలబడి, బంతి లోపల పడిందో బయట పడిందో చెప్పేవాళ్ళు కావలసి వచ్చారు. కళ్ళు మంచివైనవాళ్ళను పంపమని క్లబ్బువాళ్ళు ఫ్యాక్టరీని అడిగితే, సూపర్‌వైజరు ఇంక ఆలోచించకుండా డేగకన్ను పేరు రాశాడు. సెలవురోజుల్లో వెళ్ళి పని నేర్చుకుంది. నేర్పినాయన తెల్ల టోపీ పెట్టుకునే పెద్దమనిషి, పూర్వం పెద్ద పోటీల్లో అంపైరుగా చేసినవాడు. ఆటను చూడొద్దు, గీతనే చూడండి, వచ్చే బంతి ఎవరిదో కూడా మీకు తెలియకూడదు అని ఆయన పదేపదే చెప్పాడు. ఆమెకు ఆ పని సీసాల పని కన్నా తేలికనిపించింది. సీసాకు వందరకాల లోపాలుంటాయి. ఇక్కడ లోపల, బయట, రెండే మాటలు.

చివరి రోజున టోపీ పెద్దాయన అందరినీ వరసగా నిలబెట్టి ఒక ప్రశ్న అడిగాడు.

"ఆడేవాళ్ళలో మీకు బంధువులెవరైనా ఉన్నారా? ఉంటే ముందే చెప్పండి. ఆ మ్యాచ్‌కి మిమ్మల్ని వేయను."

ఆమె నవ్వుతూ తల అడ్డంగా ఊపింది. ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే అత్తగారు పొద్దుపోయేదాకా వదిలిపెట్టలేదు. సొంత తోడికోడల్ని పెట్టుకుని ఎవరూ లేరని చెప్పొచ్చావా, పెద్దకోడలు వింటే ఏమనుకుంటుంది, ఇలాంటి ఇంట్లో పడ్డానేమిటా అని ఏడవదా అంటూ ఆటపట్టించింది. ఆఖరికి మాత్రం మెల్లగా అంది, దగ్గర్నుంచి చూస్తావుగా, ఆ పిల్ల మొహం ఇప్పుడెలా ఉందో వచ్చి నాకు చెప్పు.

మ్యాచ్ మధ్యాహ్నం పెట్టారు. సెలూన్ ఆయన షాపుకు తాళం వేసి, పెద్దమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మెట్ల మీద కూర్చోబెట్టాడు. చుట్టూ ఖాళీయే. ఎండ తగలకుండా నెత్తిన పేపరు పెట్టుకున్నవాళ్ళు నలుగురైదుగురు, బస్సు కోసం ఆగినట్టు కూర్చున్నారు. కోడలికి వెనకగీత దగ్గర చోటిచ్చారు. పక్కగోడకు ఆనుకున్న కుర్చీలోంచి ఆ గీత మొత్తం తాడులా కనిపిస్తుంది.

పెద్దకోడలు గేటులోంచి వస్తుంటే కోడలు కుర్చీలోంచి సగం లేచింది. ఎన్నేళ్ళుగానో ఇంట్లో తిరిగిన మనిషి. కానీ టీవీలో కనిపించనివి ఇక్కడ కనిపించాయి. కళ్ళ కింద నలుపు, మెడ మీద ముడతలు, కట్టు కింద వాచిన మోకాలు, కూర్చుని లేచేటప్పుడు బెంచీకి ఆనించే చెయ్యి. ప్రాక్టీసు బంతులకే ఆయాసం వినిపించింది. వెంట్రుకవాసి అనే మాట ఎంత పెద్ద అబద్ధమో, ఆట మొదలవకముందే కోడలికి అర్థమైంది.

అవతలి పిల్ల జడ వేసుకుని, తలొంచుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా ఆడింది. మొదటి సెట్టు చూస్తుండగానే లాక్కుపోయింది. రెండో సెట్టులో పెద్దకోడలు ఎక్కడినుంచి తెచ్చుకుందో పాత ఆట కొంత తెచ్చుకుంది. సెలూన్ ఆయన "వదినా" అని కేక పెట్టినప్పుడల్లా ఖాళీ మెట్లు మారుమోగేవి. ఆమె ఒకసారి తలెత్తి, ఈ ఊళ్ళో నాకు మరిదెవరా అన్నట్టు చూసి, కొంచెం నవ్వింది. రెండో సెట్టు ఆమెదే. అత్తగారు కొంగుతో కళ్ళు తుడుచుకోవడం కోడలికి గీత చివర్న మసగ్గా కనిపించింది. గీతనే చూడాలని గుర్తుచేసుకుని చూపు దించింది.

మూడో సెట్టుకు మోకాలు మొరాయించింది. ఆమె అడుగులు బరువెక్కాయి. ఒక్కొక్క గేమే జారిపోయి, ఇంకొక్క పాయింటు పోతే అంతా అయిపోయే చోటికి వచ్చింది ఆట. ఆ ఒక్క పాయింటు పోతే మ్యాచ్ మాత్రమే కాదు, పేపర్లో ఇచ్చిన మాట ప్రకారం మొత్తం ఆటే పోతుంది.

జడపిల్ల బంతిని బలంగా కొట్టింది. బంతి పెద్దకోడలి చెయ్యి దాటి, ఆమె రాకెట్టు చాచినా అందనంత దూరంగా, వెనకగీత వైపు దూసుకొచ్చింది. కోడలి కళ్ళు దాన్ని చక్కగా పట్టుకున్నాయి. గీత మీద పడింది. అంచున కూడా కాదు, గీత మీద. తెల్లటి సున్నం కొంచెం లేచింది కూడా. కళ్ళు చూశాయి. నోరు మాత్రం రెండేళ్ళుగా తనకలవాటైన దారినే పోయింది.

"అవుట్!"

చెయ్యి కూడా దానంతటదే పక్కకు చాచుకుంది. అంపైరు సరేనన్నట్టు తలాడించి అంకె మార్చాడు. సెలూన్ ఆయన లేచి గంతులేశాడు. కోడలి గొంతు గుర్తుపట్టిన అత్తగారు రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొట్టింది. జడపిల్ల గీత వైపు ఒకసారి చూసి, పెద్దవాళ్ళు చెప్పారు కదా అన్నట్టు తలొంచుకుని వెనక్కి నడిచింది. అంతా క్షణంలో అయిపోయింది. మాట వెనక్కి తీసుకోవాలంటే అప్పుడే చెయ్యెత్తి తప్పు చెప్పానని అనాలి. టోపీ పెద్దాయన అది కూడా నేర్పాడు. చెయ్యి లేవలేదు. పెద్దకోడలు బతికింది అనే ఒక్క ఆలోచన ఆమె ఒళ్ళంతా వెచ్చగా పాకింది.

ఎర్రమట్టి మీద బంతి పడ్డచోట గుర్తు ఉండిపోతుంది. తర్వాతి పాయింటుకు నిలబడడానికి వస్తూ పెద్దకోడలు ఆ గుర్తు దగ్గర ఆగింది. కిందికి చూసింది. తర్వాత తలెత్తి కుర్చీలో ఉన్న కోడలిని చూసింది. కోపం లేదు. కూర మాడిందని తెలిసీ వండినామెను ఏమీ అనకుండా తినేవాళ్ళ చూపు అది. కోడలు ఆ చూపు నుంచి తప్పుకోలేకపోయింది.

పెద్దకోడలు బూటు అడుగుతో ఆ గుర్తును మెల్లగా, రెండుసార్లు రాసి చెరిపేసింది. మట్టి కోర్టు మీద గుర్తు చెరిపేయడమంటే ఆ పాయింటు ఎదుటివాళ్ళదని ఒప్పుకోవడమే. అంపైరు వైపు తిరిగి, బంతి లోపలే పడిందని వేలితో చూపించింది. నెట్ దగ్గరికి నడిచి, ఇంకా ఏం జరిగిందో తెలియక నిలబడిన పిల్లకు చెయ్యి చాచింది.

మెట్ల మీద నలుగురైదుగురూ లేచి చప్పట్లు కొట్టారు. ఆమె బెంచీ దగ్గరికి వెళ్ళి కూర్చోలేదు. తువ్వాలు మడతపెట్టింది. నీళ్ళ సీసాలు ఏరి ఒక పక్కన పెట్టింది. వంగి, అరచేత్తో బెంచీ తుడిచింది. ఇదంతా కోడలు ఇంతకుముందొకసారి చూసింది. అప్పుడు ఆ వంగిన నడుము ఇంత కష్టపడి లేవలేదు.

గేటు దగ్గర లైన్ జడ్జీలందరూ నిలబడి ఉంటే, సంచి భుజాన వేసుకుని వెళుతూ ఆమె కోడలి ముందు ఆగింది.

"మనసులో ఏం పెట్టుకోకండి. మీ కంటికెలా కనిపిస్తే అలా చెప్పారు. అంతేగా" అంది.

నిజం చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం ఇంక దొరకదు. ఎదురుగా మనిషి ఉంది. జాలిగా చూస్తోంది. కోడలు తలూపి, అవునండీ అంది. ఇన్నాళ్ళూ ఆడిన అబద్ధాలు ముసలావిడ కోసమని చెప్పుకోవచ్చు. ఇది మాత్రం అచ్చంగా తన కోసం ఆడింది.

టోపీ పెద్దాయన తిట్టలేదు. ఎవరికైనా జరుగుతుందనీ, రేపు పొద్దున రెండో కోర్టు చూసుకోమనీ చెప్పాడు.

"నేను రానండీ. మీరు బంధువులున్నారా అని అడిగినప్పుడు లేరన్నాను" అంది ఆమె. "ఉన్నారు."

ఆయనకు ఆ మాట అర్థమైనట్టు లేదు. ఆమె క్లబ్బువాళ్ళు తనకిచ్చిన టోపీ తీసి బల్ల మీద పెట్టి బయటికొచ్చింది.

సెలూన్ ఆయన పెద్దమ్మ చేతిని కోడలి చేతికి అందించి, ముక్కు చీదుకుంటూ, షాపు తెరవాలని చెప్పి గబగబా ముందుకెళ్ళిపోయాడు. ఏం జరిగిందో ఆయన ఆవిడకు చెప్పలేకపోయాడు. అయిపోయింది పెద్దమ్మా అని మాత్రం అన్నాడట. అత్తాకోడళ్ళు నడక సాగించారు. ఎండ తగ్గింది. దుకాణాల ముందు నీళ్ళు చల్లుతున్నారు. "గుంట" అంది కోడలు. అత్తగారు దాటింది.

"అవుట్ అన్నది నువ్వేగా" అంది అత్తగారు చివరికి.

"నేనే."

"మరి బతికిందిగా. ఎలా ఓడింది?"

జవాబు నోటి చివర సిద్ధంగానే ఉంది. అంపైరు ఒప్పుకోలేదనొచ్చు. వెంట్రుకవాసిలో అటూ ఇటూ అయిందనొచ్చు. ఆ మాట రెండేళ్ళుగా కాపాడుతూ వచ్చింది, ఇంకొక్కసారి కాపాడుతుంది. కోడలికి బూటు కింద మట్టి రాసిన చప్పుడు గుర్తొచ్చింది.

"బంతి లోపలే పడింది అత్తయ్యా. నేను చూశాను. చూసే బయటన్నాను. ఆమె వచ్చి గుర్తు చూసి, చెరిపేసి, లోపలే అని ఒప్పేసుకుంది."

అత్తగారి వేళ్ళు ఆమె మోచేతి మీద బిగిశాయి. కొన్ని అడుగులు వేశాక అడిగింది.

"ఎంత లోపల? వెంట్రుకవాసా?"

"కాదు. గీత మీదే. గుడ్డివాళ్ళకైనా..." అని కోడలు నాలిక కరుచుకుంది.

ఆవిడ ఆ మాటకు నొచ్చుకోలేదు. ఇంకేదో లెక్క వేసుకుంటోంది. ఆ లెక్క ఎక్కడికి వెళుతుందో కోడలికి తెలుస్తూనే ఉంది, ఆపడం మాత్రం చేతకాలేదు.

"అయితే ఇన్నాళ్ళూ టీవీలో నువ్వు చెప్పినవి?"

"బెత్తెడు పోయినవి ఉన్నాయి. బారెడు పోయినవి ఉన్నాయి. వెంట్రుకవాసిలో పోయింది ఒక్కటి కూడా లేదు అత్తయ్యా. ఆమెకు చేతకావడం లేదు. చాలాకాలం నుంచీ చేతకావడం లేదు."

తిడుతుందనుకుంది. తిడితే బాగుండుననుకుంది. అత్తగారి గొంతు నీరసంగా వచ్చింది.

"తెలిస్తే ఎప్పుడో, చాలు తల్లీ, ఇంక కూర్చో అనేదాన్ని. మోకాలు నొప్పితో పరిగెడుతున్న పిల్లను పట్టుకుని, ఇంకా ఆడు, ఇంకా ఆడు అని పోరుతూ కూర్చున్నానే నేను."

ఆవిడ చాలు అన్నా, ఆడు అన్నా ఆ మాట సెలూన్ గుమ్మం దాటేది కాదు, ఆటగత్తె చెవిన పడేది కాదు. ఆ సంగతి కోడలికి తెలుసు, ముసలావిడకూ తెలుసు. అయినా సొంత మనిషి బాధపడుతుంటే ఆపమనే హక్కు ఒకటుంటుంది. దాన్ని కోడలు ఆవిడ దగ్గర్నుంచి లాగేసుకుంది. ఇప్పుడు ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. పెద్దకోడలి మొహం ఎలా ఉందో అత్తగారు అడగలేదు. కోడలు చెప్పలేదు.

ఇల్లు వచ్చింది. సెలూన్ తలుపులు సగం తెరిచి ఉన్నాయి, లోపల టీవీ వెలగడం లేదు. పక్కనున్న సన్నటి సందులోంచి పైవాటాకు మెట్లు. కోడలు ఎప్పటిలాగే ఒక అడుగు ముందుకేసి ఆగింది.

"మెట్టు అత్తయ్యా."

అత్తగారు కాలెత్తలేదు. నిలబడింది. కోడలి మోచేతి మీంచి చెయ్యి తీసి గోడకు ఆనించుకుంది. తర్వాత చెప్పులు విడిచి, ఒక కాలు నేల మీద మెల్లగా ముందుకు జరిపి, మెట్టు అంచు వేళ్ళకు తగిలేదాకా వెతికింది. తగిలాక ఎక్కింది. రెండో మెట్టు దగ్గర కూడా ఆగి, అలాగే తడిమి చూసుకుంది.

ఆవిడ కింద వదిలేసిన చెప్పులు కోడలు చేత్తో పట్టుకుని, ఒక్కొక్క మెట్టూ వెనకే ఎక్కింది.